ఎయిర్ ఫ్రయర్‌లో ఆపిల్ సైడర్ డోనట్ హోల్స్: పైన మాడుతున్నాయి, లోపల పచ్చి

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. ఆపిల్ తోటల దగ్గర అమ్మే సైడర్ (వడకట్టని మబ్బు ఆపిల్ రసం) డోనట్లంటే మా పిల్లలకి ప్రాణం. అవే చిన్న ఉండల్లా ఎయిర్ ఫ్రయర్‌లో 390 డిగ్రీల దగ్గర 8 నిమిషాలు పెడితే పైన మాడి, లోపల పిండిగానే ఉంటున్నాయి. పిండి జారుగా ఉందని బుట్టలో బేకింగ్ కాగితం పరిచి చెంచాతో వేస్తున్నాను. సైడర్ రుచి కూడా తెలియడం లేదు. ఎవరైనా చెప్తారా?

జవాబు: 390 చాలా ఎక్కువండీ. పిండిలో చక్కెర, సైడర్‌లో చక్కెర. వేడిగాలి తగలగానే పైన రంగు వచ్చేస్తుంది, లోపలికి వేడి చేరనే చేరదు. 350 ఫారెన్‌హీట్ పెట్టి 6 నిమిషాలు చూడండి, సగంలో ఒకసారి తిప్పండి. ఉండ 25 గ్రాములు దాటకూడదు, ఉండకీ ఉండకీ మధ్య వేలెడు జాగా ఉండాలి.

అసలు చిక్కు జారు పిండితోనే. నూనెలో పడిన పిండి చుట్టూ వెంటనే గట్టిపడి ఆకారం నిలుస్తుంది. గాలితో ఆ పని జరగదు. చేత్తో చుట్టగలిగేలా కలపాలి. మైదా 250 గ్రాములు, చక్కెర 65 గ్రాములు, బేకింగ్ పౌడర్ 2 చెంచాలు, వంటసోడా పావు చెంచా, ఉప్పు అర చెంచా, దాల్చినచెక్క పొడి ఒక చెంచా, కాస్త జాజికాయ పొడి. ఇందులో కరిగించిన వెన్న 3 పెద్ద చెంచాలు, ఒక గుడ్డు, మరిగించిన సైడర్ మూడో వంతు కప్పు. కలిసీ కలవనట్టు కలిపి వదిలేయండి, చపాతీ పిండిలా మర్దిస్తే సాగుతుంది. అరగంట ఫ్రిజ్‌లో పెడితే చేతికి అంటుకోదు.

రుచి సంగతి. సైడర్‌ని ఉన్నదున్నట్టు పోస్తే అందులో ఎక్కువ నీళ్లే కదా. ఒకటిన్నర కప్పు పోసి, మూడో వంతు కప్పు మిగిలేదాకా సన్నమంట మీద మరిగించి, బాగా చల్లార్చి వేయండి. ఓపిక పట్టాల్సింది ఇక్కడే.

మధ్యలో ఒకరు: హైదరాబాద్‌లో ఈ సైడర్ దొరకదు. ఆపిల్ సైడర్ వెనిగర్ వేయొచ్చా అక్కా? గుడ్డు లేకుండా అవుతుందా?

జవాబు: వెనిగర్ వద్దు తమ్ముడూ, నోట్లో పెట్టుకోలేవు. ఆపిల్స్ మిక్సీలో వేసి, పల్చటి గుడ్డలో పిండితే వచ్చే మబ్బు రసం మరిగించు, పని జరుగుతుంది. గుడ్డు బదులు పావు కప్పు పెరుగు. మీ మెషిన్‌లో అయితే 175 సెల్సియస్.

ఇంకొకరు: కాగితం గురించి ఒక మాట. ప్రీహీట్‌లో ఖాళీ కాగితం పెట్టొద్దు. గాలికి ఎగిరి పైన కాయిల్‌కి తగిలి అంటుకుంటుంది. ఉండలు పెట్టాకే, చిల్లులున్న కాగితం వాడండి.

అడిగినవారు: చాలా థాంక్స్ అండీ. తోట దగ్గర తిన్న రుచి వస్తుందా మరి?

జవాబు: అంత రాదు. అక్కడివి నూనెలో వేగినవి, ఇవి కేక్‌కి దగ్గర. తీయగానే వెన్నలో ముంచి దాల్చినచెక్క చక్కెరలో దొర్లిస్తే చాలావరకు దగ్గరికొస్తాయి. వెన్న లేకపోతే చక్కెర అంటదు. మర్నాటికి ఉంచేవాటికి మాత్రం చక్కెర అద్దకండి, చెమ్మగిల్లుతుంది. 300 దగ్గర 2 నిమిషాలు వేడిచేసి అప్పుడు అద్దుకోండి.