సముద్రంలోని గాలిమరలకు అల్యూమినియం పూతా, ఎపాక్సీ పెయింటా?

కడలిగాలి: జర్మనీ తీరం దగ్గర బాల్టిక్ సముద్రంలో ఆర్కోనా అని ఒక విండ్ ఫామ్ ఉంది: 60 టర్బైన్లు, 385 మెగావాట్లు. వాటి పునాది గొట్టాలకు తుప్పు పట్టకుండా అల్యూమినియాన్ని కరిగించి స్ప్రే చేశారు, సుమారు 0.35 మిల్లీమీటర్ల మందం. ఇంత మంచి పద్ధతి ఉండగా ఇంకా ఎపాక్సీ పెయింట్లు ఎందుకండీ? వాటి కాలం చెల్లిందనే అంటాను.

యార్డ్‌మనిషి: చెల్లలేదు. స్ప్రే పని నెమ్మది, ఖర్చూ ఎక్కువ. పెయింటైతే ఇలాంటి గొట్టాలు తయారుచేసే ఏ యార్డులోనైనా వేసేవాళ్లు దొరుకుతారు.

తుప్పులెక్క: ఇద్దరూ మొత్తం ఉక్కుని ఒకే ముక్కగా చూస్తున్నారు. నీటి అడుగున పెయింటు ఊడినా అల్యూమినియం యానోడ్లు, అంటే ఉక్కుకి బదులు తామే కరిగిపోయే దిమ్మలు, దాన్ని కాపాడతాయి, వాటి కరెంటు నీళ్లలోంచి ఉక్కుకి చేరుతుంది. అసలు టెన్షన్ అలలు కొట్టే భాగంతోనే. ఒక నిమిషం తడి, ఒక నిమిషం గాలి. ఉప్పుకీ ఆక్సిజన్‌కీ లోటు లేదు, యానోడ్ కరెంటు మాత్రం సరిగా అందదు. పైగా సర్వీసు పడవలు వచ్చి గుద్దుకునేదీ అక్కడే. అందుకే 2018లో వచ్చిన ఐఎస్ఓ 12944 (ఉక్కుకి వేసే రక్షణ పెయింట్ల అంతర్జాతీయ ప్రమాణం) తొమ్మిదో భాగం ఈ జోన్‌ని విడిగా చూస్తుంది.

యానోడ్లు కరిగి సముద్రంలో కలుస్తాయి కాబట్టి, అడుగున వాటి భారం తగ్గించే స్ప్రే పూత నాకూ ఇష్టమే. ఉత్తర సముద్రంలో హటన్ చమురు ప్లాట్‌ఫామ్ రైజర్లకు (సముద్రం అడుగు నుంచి పైకి వచ్చే పైపులకు) 1984లోనే వాడారు, కొత్తదేం కాదు.

కడలిగాలి: అయితే రెండూ కలిపేద్దాం. స్ప్రే మీద మందంగా పెయింట్!

తుప్పులెక్క: ఆ పని మాత్రం వద్దండీ. నార్వేలో అలా చేసి దెబ్బతిన్నారు. పెయింట్ ఎక్కడో చిట్లి ఉక్కు బయటపడితే, దాన్ని కాపాడే పనిలో పెయింట్ కింది అల్యూమినియం వేగంగా తినేయబడుతుంది. అక్కడ ఆమ్లం పుట్టి బొబ్బలు లేస్తాయి. స్ప్రే మీద పల్చటి సీలర్ (పూతలోని సన్నటి రంధ్రాలు మూసే ద్రవం) చాలు.

యార్డ్‌మనిషి: మరి అలల జోన్‌కి మీ ఓటు దేనికి?

తుప్పులెక్క: మందపాటి ఎపాక్సీకే, దెబ్బ తగిలిన చోట పడవ మీంచి వెళ్లి అతుకు వేయొచ్చు కాబట్టి. ఒక షరతు: యార్డులో బ్లాస్టింగ్ (గరుకు రేణువులను జోరుగా కొట్టి ఉక్కుని శుభ్రం చేయడం) సరిగా జరగాలి, వెల్డుల దగ్గరా అంచుల దగ్గరా బ్రష్‌తో అదనపు కోటు పడాలి. డెలివరీ తొందరలో ముందు ఎగిరిపోయేది ఆ కోటే.

యార్డ్‌మనిషి: అది మాత్రం ఒప్పుకుంటాను, మా దగ్గరా అంతే.