“అనిమిత్తాగమంబులు”: కారణం లేని భయాలా, సూచన లేని భయాలా?

ప్రశ్న: 1990లలో అమెరికాలో టి.ఆర్. యంగ్, డ్రాగన్ మిలోవనోవిచ్ వంటివారు కేయాస్ సిద్ధాంతాన్ని నేరానికీ, న్యాయానికీ అన్వయించారు. ఒక చిన్న అన్యాయం ఎన్నో మలుపులు తిరిగి పెద్ద హింసగా తేలవచ్చుననీ, ఆ దారిని ముందుగా లెక్కగట్టలేమనీ చదివినప్పటినుంచి నన్నయ ఆదిపర్వంలో దేవతల కుక్క సరమ, తన పిల్లను జనమేజయుడి తమ్ముళ్లు కొట్టినందుకు పలికిన కందం నన్ను వదలడం లేదు. “తగునిది తగదని” అనే ఎత్తుగడ, “కగు ననిమిత్తాగమంబు లయిన భయంబుల్” అనే ముగింపు గుర్తున్నాయి. మా నాన్నగారు “అగునని” దగ్గర విరిచి, తరువాతి మాటను “మిత్తి రాక”, అంటే మృత్యువు రావడం, అని చెప్పేవారు. అది నిలుస్తుందా?

తెలుగు పంతులుగారు: నిలవదండీ. పద్యం పూర్తిగా ఇది: “తగునిది తగదని యెదలో వగవక సాధులకుఁ బేదవారలకు నెగ్గుల్ మొగిఁ జేయు దుర్వినీతుల కగు ననిమిత్తాగమంబు లయిన భయంబుల్”. ఇది తగును, ఇది తగదు అని ఆలోచించక సాధువులకూ పేదలకూ ఎగ్గులు, అంటే కీడు, చేసే దుర్మార్గులకు అనిమిత్తాగమాలైన భయాలు కలుగుతాయని భావం. అక్కడ విరిస్తే “అని”కి అన్వయమే లేదు. పైగా తెనుగు మిత్తికి సంస్కృత ఆగమంతో సమాసం కుదరదు. అనిమిత్తమంటే కారణం లేనిది. బడిలో నేను ఎన్నో ఏళ్లు “అకారణంగా వచ్చే భయాలు” అనే చెప్పాను.

గణితం బోధించే సభ్యురాలు: పంతులుగారూ, ఆ అర్థం నాకు మింగుడుపడటం లేదు. 1961లో వాతావరణ శాస్త్రవేత్త లోరెంజ్ 0.506127కు బదులు 0.506 అని యంత్రానికి ఇచ్చినప్పుడు, సమీకరణాలు అవే అయినా వాతావరణం పూర్తిగా వేరే దారి పట్టింది. అక్కడ కారణం లేకపోలేదు, కంటికి ఆనలేదంతే. సంస్కృత మూలంలో వ్యాసుడి మాట కూడా “అదృష్టం త్వాం భయమాగమిష్యతి” అనే కదా. కనబడనిది అన్నాడు గాని, కారణం లేనిది అనలేదు.

పంతులుగారు: అయితే సంస్కృత నిఘంటువు అమరకోశం చూడండి: “నిమిత్తం హేతులక్ష్మణోః”. హేతువుతో పాటు గుర్తు అనే అర్థమూ ఉంది. గీతలో అర్జునుడు చూసిన “నిమిత్తాని” శకునాలే. ఆ లెక్కన అనిమిత్తం ముందస్తు సూచన లేనిది అవుతుంది. కాని నన్నయ ఆ అర్థంలోనే వాడాడనడానికి పద్యంలో ఆధారమేది?

న్యాయవాది: మా వృత్తిలో ఈ తేడా ప్రాణప్రదమైనది. కారణమే లేదంటే బాధ్యుడూ లేడు; సూచన లేదంటే కొట్టినవాడు బాధ్యుడే, ఫలితం ఎప్పుడు, ఏ రూపంలో వస్తుందన్నదే తెలియదు. వ్యాసుడి కథలో ఆ కుక్కపిల్ల ఏడుస్తూ తల్లి దగ్గరకు వెళ్లి, తాను హవిస్సు వంక చూడలేదని, నాకలేదని చెప్పుకుంటుంది. జనమేజయుడి తమ్ముళ్లు విచారణ లేకుండానే దానిని కొట్టారు. వ్యాసుడు “అనపకారి” అని ఊరుకున్నచోట నన్నయ “సాధులకుఁ బేదవారలకు” అని విస్తరించాడు. ఆ “పేదవారల” అన్న మాట చదివిన ప్రతిసారీ నాకు గొంతు పూడుకుపోతుంది. ఆ ఒక్క చేర్పుతో యాగం దగ్గర జరిగిన చిన్న సంగతి ధర్మసూత్రమైంది.

సభ్యురాలు: పంతులుగారు అడిగిన ఆధారం సమాసంలోనే ఉందని నా నమ్మకం. ఇది బహువ్రీహి, అంటే సమాసంలోని పదాలు బయటి మరో పదాన్ని వర్ణిస్తాయి; అనిమిత్తమైనది భయం కాదు, దాని ఆగమం, అంటే రాక. భయానికి కారణం చేసిన ఎగ్గే, రాకకు మాత్రం సూచన లేదు.

పంతులుగారు: బహువ్రీహి అని ఒప్పుకుంటాను. అయినా “కారణం లేకుండా రావడం” అని సమాసాన్ని విడదీసి విగ్రహవాక్యం చెప్పడానికి అడ్డేముంది? అంతకంటె “మొగిఁ జేయు”లోని “మొగి”ని తేల్చండి. నేను పూనికతో అని చెబుతాను.

న్యాయవాది: ఒక్కుమ్మడిగా అని నేనంటాను. కొట్టినవారు ముగ్గురు కదా, పంతులుగారూ!