భుజం పట్టేస్తే ఫిజియో చేత్తో చేసే వైద్యం అవసరమా, వ్యాయామం చాలా?

సుజాత:
మా అమ్మకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. ఎడమ భుజం పట్టేసి నాలుగు నెలలైంది. జడ వేసుకోలేదు, చెయ్యి వీపు వెనక్కి పోదు. ఒకచోట పన్నెండు రోజులు కరెంటు పెట్టి పంపించారు, మార్పు లేదు. ఇప్పుడు వేరే ఫిజియో చేత్తో కీలు కదిలిస్తామంటున్నారు. అన్నయ్యేమో అది డబ్బు దండగ, ఇంట్లో వ్యాయామం చాలంటున్నాడు.

రఘురాం:
మీ అన్నయ్యదే సరైన మాట. నడుము నొప్పికి నెలల తరబడి నొక్కించుకున్నాను. బల్ల మీద ఉన్నంతసేపే హాయి, ఇంటి మెట్లెక్కేసరికి నొప్పి మళ్లీ మొదలు. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ కూడా నడుము నొప్పికి చేతి వైద్యం ఒక్కటే చాలదని 2016లో చెప్పింది.

మాధవి, ఫిజియోథెరపిస్టు:
రఘురాం గారూ, వ్యాయామంతో కలిపి చేయవచ్చని కూడా అందులోనే ఉంది. మీకు నొక్కి పంపారే తప్ప వ్యాయామం నేర్పలేదు. తప్పు అక్కడ జరిగింది.

చేతి వైద్యమంటే మర్దన ఒక్కటే కాదు. ఆస్ట్రేలియాకు చెందిన ఫిజియోథెరపిస్టు మెయిట్లండ్ కీలు కదిలించే తీరును స్థాయిలుగా విడదీశారు. మొదటి రెండు నొప్పి తగ్గడానికి, మూడు, నాలుగు బిగువు వదలడానికి. పేషెంటును వెల్లకిలా పడుకోబెట్టి, చంక దగ్గర జబ్బ పట్టుకుని, ఎముక తలను మెల్లగా కిందికి జారుస్తాను. బిగదీసుకున్న కండ వేళ్ల కింద వదులవడం నాకు తెలుస్తుంది. ఆ వదులు ఎక్కువసేపు నిలవదు. అందుకే అప్పటికప్పుడే కర్ర ఇచ్చి చెయ్యి తిప్పిస్తాను. ఇంటి దగ్గర రోజూ చేయకపోతే నా శ్రమంతా వృథా.

సుజాత గారూ, రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉన్న దశలో ఎవరినీ గట్టిగా లాగనివ్వకండి, నొప్పి ఇంకా పెరుగుతుంది. ‘టక్’మన్న శబ్దం వినిపించి ఎముక సరిపడిందని ఎవరైనా అంటే నమ్మకండి. మెటికలు విరిచినప్పటి లాగే అది కీలు ద్రవంలో గాలి బుడగ చేసే చప్పుడు. షుగర్ ఉన్నవారికి ఈ జబ్బు ఎక్కువగా వస్తుంది, నెమ్మదిగా తగ్గుతుంది. డాక్టరు భుజానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, చూసుకుంటూ ఉండాలి.

రఘురాం:
నాకు వ్యాయామం నేర్పలేదన్నది నిజమే. కానీ ఇన్ని సిట్టింగులని ముందే డబ్బు కట్టించుకుంటే, పని చేస్తోందో లేదో మాకెలా తెలియాలి?

మాధవి, ఫిజియోథెరపిస్టు:
కొలవమనండి. మోచేతిని నడుముకు ఆనించి, తొంభై డిగ్రీలు వంచి, ముంజేతిని బయటికి తిప్పాలి. ఈ జబ్బులో ముందు తగ్గేది ఆ కదలికే. మొదటి రోజు ఎంత తిరిగిందో రాసుకోండి. ఐదారు సిట్టింగులకు కూడా ఆ కొలత గానీ, రాత్రి నిద్ర గానీ మారకపోతే ఆపి, ఎముకల డాక్టరుకు చూపించండి. మొత్తం డబ్బు ముందే కట్టకండి.

సుజాత:
ఇప్పుడే అమ్మను గోడకు ఆనించి నిలబెట్టి చేయించాను. కుడి ముంజేయి బాగా పక్కకు తిరిగింది. ఎడమది ముందుకు చాచినట్టే ఆగిపోయింది. రెండు కొలతలూ, తేదీ క్యాలెండరు వెనక రాసి పెట్టాను.