అప్‌డేట్: 1968 నాటి ఇల్లు, వైరింగ్ సంగతి

రాజమండ్రిలో పాత డాబా ఇల్లు చూశాం, వైరింగ్ అంతా చెక్క పట్టీల మీదే ఉంది, కొనొచ్చా అని అడిగాను కదా. కొనేశాం. మీరు చెప్పినట్టే అడ్వాన్స్ ఇవ్వకముందే తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్లి చూపించాను.

హాల్లో స్విచ్ బోర్డు విప్పగానే వైరు మీది రబ్బరు తొడుగు, వేలు తగిలితే చాలు, అప్పడంలా పొడిపొడిగా రాలింది. మెయిన్ ఫ్యూజులో సన్నటి తీగ బదులు మూడు పేటల రాగి తీగ మెలిపెట్టి ఉంది! "లోడ్ ఎక్కువైతే ఇది కాలదు మేడమ్, గోడ మీద వైరే కాలుతుంది" అన్నాడు. ఎర్తింగ్ అసలు లేదు.

వైరింగ్ మార్చడానికి అతనిచ్చిన కొటేషన్ ఇల్లు అమ్మే ఆయన ముందు పెట్టాం. "యాభై ఏళ్లుగా మాకేం కాలేదమ్మా" అన్నారు. నిజమే, వాళ్లకు ఏసీ, గీజర్ లేవు మరి. రెండు రోజులు బేరమాడితే ఖర్చులో సగం ఇంటి ధరలో తగ్గించారు.

ప్యాచ్ పనులు వద్దని మొత్తం మార్పించాం. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీ, గీజర్‌కు 4 చదరపు మి.మీ. రాగి వైరు. కొత్త ఎర్త్ గుంత, ఫ్యూజుల బదులు ఎంసీబీలు (లోడ్ ఎక్కువైతే వాటంతటవే ఆగిపోయే స్విచ్‌లు), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్). సున్నాలు, రంగులు మళ్లీ వేయించాల్సి వచ్చింది, ఆ ఖర్చు నేను లెక్కేసుకోలేదు.

మొదటి రోజే ఆర్‌సీసీబీ మూడుసార్లు ట్రిప్ అయి కరెంటు పోయింది. పని బాగా చేయలేదని గొడవకు సిద్ధమయ్యాను. తీరా చూస్తే దొంగ మా అత్తయ్యగారి గ్రైండర్. బాడీకి కరెంటు లీకవుతోంది. "అందుకేనా అప్పుడప్పుడు జిల్లుమనేది" అన్నారావిడ తాపీగా.