కొండపల్లి బొమ్మలు ఆన్‌లైన్‌లో: ఆర్డర్లున్నా డబ్బు మిగలట్లేదు

కొయ్యగుర్రం:
ఇంట్లోనే పొణికి చెక్కతో బొమ్మలు చేసి ఇన్‌స్టాలోనూ, ఒక పెద్ద షాపింగ్ సైట్‌లోనూ పెడుతున్నాం. అంబారీ ఏనుగు (18×10×18 సెం.మీ.) 1,250కి బాగానే పోతోంది, నెలాఖరుకి మాత్రం చేతిలో ఏమీ ఉండట్లేదు. చెక్క, రంగులు 160. పని 7 గంటలు, గంటకి 70 చొప్పున 490. ప్యాకింగ్ 70, కొరియర్ సగటున 280. కమీషన్, ఫీజులు కలిపి 20 శాతం, విరిగినవాటి రీఫండ్లు ఇంకో 5 శాతం. తొండం విరిగిందనీ, రంగు మీద గుండ్రటి మచ్చలు పడ్డాయనీ ఫిర్యాదులు. రీల్స్ ఇంకా పెంచమంటారా?

లెక్కలపుస్తకం:
రీల్స్ పెంచితే నష్టం పెరుగుతుందండీ. మీ ఖర్చు సరిగ్గా 1,000. దానికి 25 శాతం కలిపి 1,250 పెట్టారు. సైట్ కోసుకునేది మీ ఖర్చు మీద కాదు, అమ్మకం ధర మీద. 1,250లో 25 శాతం అంటే 312 పోయి 938 వస్తుంది. ప్రతి ఏనుగుకీ 62 రూపాయలు మీరే చేతి నుంచి పెట్టుకుంటున్నారు. కలపడం కాదు, భాగించాలి: 1,000 ÷ 0.75 = 1,333. ఇది కూలి గిట్టే ధర మాత్రమే. పది శాతం లాభం కావాలంటే 1,000 ÷ 0.65, అంటే 1,540 దగ్గర. ఆ 20 శాతంలో కమీషన్ మీద పడే 18 శాతం జీఎస్టీ కలిపారో లేదో కూడా చూసుకోండి, చాలామంది మర్చిపోయేది అదే.

చిన్న బొమ్మలు విడిగా అమ్మకండి. 150 రూపాయల చిలకకీ అర కిలో స్లాబు (బరువు మెట్టు) కొరియర్ కట్టాల్సిందే. నాలుగైదు కలిపి సెట్టుగా పెట్టండి.

అట్టపెట్టె:
ధర పెంచే ముందు ఆ 280 సంగతి చూడండి. పెట్టె కొలతలు చెప్పగలరా?

కొయ్యగుర్రం:
30×20×30. బొమ్మ బరువు ముప్పావు కిలో కూడా ఉండదు.

అట్టపెట్టె:
అనుకున్నా. పొణికి తేలిక చెక్క, కొరియర్ వాడు బరువుకి కాదు, పెట్టె ఆక్రమించే చోటుకి డబ్బు తీసుకుంటాడు. పొడవు × వెడల్పు × ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, ఎక్కువ కంపెనీల్లో 5,000తో భాగిస్తారు. మీది 3.6, అంటే 4 కిలోల స్లాబు. 24×16×24 పెట్టె అయితే 1.84, రెండు కిలోల్లో సరిపోతుంది. ఇవి బయటి కొలతలు. పెట్టెలవాళ్లు లోపలి కొలత చెప్తారు, అక్కడే దెబ్బ తింటారు: 25×17×25 అయిందంటే 2.1 దాటి రెండున్నర కిలోలకి ఎగబాకుతుంది.

కొయ్యగుర్రం:
పెట్టె చిన్నదైతే తొండం ఇంకా విరగదా?

అట్టపెట్టె:
విరిగేది ఖాళీ తక్కువై కాదండీ, బొమ్మ లోపల కదిలి. అట్ట మందం పోను చుట్టూ రెండున్నర సెంటీమీటర్లు మిగులుతుంది, చాలు. ముందు తొండం కింద, అంబారీ స్తంభాల మధ్య నలిపిన కాగితం కూరండి, అతుకు మీద బరువు పడకూడదు. తర్వాత బొమ్మ మొత్తానికి బటర్ పేపర్. దానిపైన బబుల్ ర్యాప్, బుడగలు బయటివైపుకి. ఐదు పొరల అట్టపెట్టె, మూతకి హెచ్ ఆకారంలో టేపు. ఊపితే చప్పుడు రాకూడదు. ఒక ప్యాకు నడుమెత్తు నుంచి మూలల మీద పడేసి విప్పి చూడండి, ఎక్కడ విరిగిందో అక్కడే ఇంకో పొర వేయాలి.

గుండ్రటి మచ్చలు బబుల్ ర్యాప్ ముద్రలే. ఎనామిల్ పైకి ఆరినట్టున్నా లోపల గట్టిపడటానికి వారం పైనే పడుతుంది, వానాకాలం ఇంకా ఎక్కువ. పీట అడుగున బొటనవేలితో గట్టిగా నొక్కండి, వేలిముద్ర పడితే పంపొద్దు. భాగాలు అతికించే మక్కులో ఉండేది చింతగింజల జిగురు, రంపపు పొట్టు. చెమ్మ తగిలితే అతుకు మెత్తబడుతుంది కాబట్టి సిలికా జెల్ ప్యాకెట్ ఒకటి వేసి, బొమ్మని పాలిథిన్ కవర్లో పెట్టండి.

పన్నుగోల:
జీఎస్టీ నంబరు ఉందా? 2023 అక్టోబర్ 1 నుంచి ఏడాది అమ్మకాలు పరిమితి లోపు ఉన్న చిన్న అమ్మకందార్లు రిజిస్ట్రేషన్ లేకుండా, జీఎస్టీ పోర్టల్లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని సైట్లలో అమ్మొచ్చు, కానీ సొంత రాష్ట్రంలోనే. సైట్ ద్వారా చెన్నైకి పంపాలంటే రిజిస్ట్రేషన్ తప్పదు. సరుకుకి పరిమితి ఆంధ్రలో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు.

ఇన్‌స్టాలో నేరుగా అమ్మితే దారి వేరు. చేతిపని వస్తువుల జాబితాలో చెక్కబొమ్మలున్నాయి, 20 లక్షల లోపు అయితే రిజిస్ట్రేషన్ లేకుండా పక్క రాష్ట్రాలకీ పంపొచ్చు. పాన్ ఉండాలి, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తీయాలి. 50 వేలు దాటితేనే ఈ-వే బిల్లు అనేది ఇక్కడ వర్తించదు, 500 రూపాయల పార్సెల్‌కీ కావాలి.

ఇంకోటి, 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకీ, జీఐ (భౌగోళిక గుర్తింపు) అధీకృత వాడుకదార్లకీ మినహాయింపు ఉంది. కళాకారుడిగా నమోదైనట్టు కమిషనర్ ఆఫీసు ఇచ్చే పెహచాన్ కార్డు స్కాన్ సిద్ధంగా పెట్టుకోండి, సైట్ వాళ్లు అడగొచ్చు.

కొలువుబొమ్మ:
రీల్స్ ఎప్పుడు పెట్టాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి: వాటికో సీజన్ ఉంది. తమిళనాడు, కర్ణాటకల్లో బొమ్మల కొలువు దసరాకి, మన దగ్గర సంక్రాంతికి కూడా. దసరా సెట్లు జులై చివరికే లిస్టింగులో ఉండాలి. ఎనామిల్ మెరుపుకి ఫ్లాష్ వాడితే ముఖం మీద తెల్ల మచ్చ పడుతుంది, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన తీయండి. ఒక ఫొటోలో బొమ్మని అరచేతిలో పెట్టి చూపండి. సైజు తప్పుగా ఊహించుకుని తిప్పి పంపేవాళ్లు తగ్గుతారు.