క్లేశం అంటే కష్టమా, మకిలా?

బౌద్ధ గ్రంథాల అనువాదాల్లో నన్ను చాలాకాలం తికమకపెట్టిన మాట క్లేశం. మనకు క్లేశమంటే పడే బాధ. "ఎన్నో క్లేశాలకోర్చి" అంటాం. కానీ పాత బౌద్ధ గ్రంథాల భాష పాళీలో దీని రూపమైన కిలేసం బాధ కాదు, బాధను పుట్టించేది: లోభం, ద్వేషం, మోహం, మానం (అహంకారం) వంటివి. (పాళీలో ద్వేషాన్ని 'దోస' అంటారు, దోషం అనుకుని పొరబడకండి.) బుద్ధుడి ప్రసంగాల సంకలనమైన మజ్ఝిమ నికాయంలోని వత్థూపమ సుత్తంలో (సుత్తం అంటే ప్రసంగం) మాసిన బట్టకు వాడిన మాట 'సంకిలిట్ఠం'. అలాంటి బట్టను ఏ రంగులో ముంచినా సరిగ్గా పట్టదంటాడు బుద్ధుడు. అందుకే కిలేసానికి 'మకిలి' అనే మాటే నాకు దగ్గరగా తోస్తుంది.

అంగుత్తర నికాయమనే మరో సంకలనంలో ఇంకో మాటుంది: చిత్తం ప్రభాస్వరం (వెలుగులీనేది), దాన్ని మలినం చేసే ఉపక్లేశాలు ఆగంతుకాలు. అంటే బయటినుంచి వచ్చినవి. మనం "నాకు కోపం వచ్చింది" అంటాం చూడండి, మన వాక్యంలోనూ కోపం వచ్చేదే, పోయేదే. ఈ పోలిక చూసినప్పుడు ఎంత సంతోషం వేసిందో!

ఇక కోపం గురించే, బుద్ధుడి పద్యాల సంకలనం ధమ్మపదంలోని 222వ గాథ:

యో వే ఉప్పతితం కోధం రథం భన్తం వ ధారయే
తమహం సారథిం బ్రూమి రస్మిగ్గాహో ఇతరో జనో

ఎగసిన కోపాన్ని, దారితప్పి పరుగెత్తే రథాన్ని నిలిపినట్టు నిలిపేవాణ్నే సారథి అంటాను, తక్కినవాళ్లు ఉత్త పగ్గాలు పట్టుకున్నవాళ్లు అని భావం. రశ్మి అంటే మనకు కిరణమే గుర్తొస్తుంది, ఇక్కడ మాత్రం పగ్గం. సంస్కృతంలో రెండర్థాలూ ఉన్నాయి.

వ్యాఖ్య: గాథలో 'ధారయే' (నిలపడం) అంటే అణచుకోవడమేనా అండీ? కోపం దిగమింగితే లోపల కుళ్లుతుంది కదా.

జవాబు: కాదనే అనుకుంటున్నానండీ. రథాన్ని నిలిపేవాడు గుర్రాలను చంపడు కదా. వితక్కసణ్ఠాన సుత్తంలో చెడు ఆలోచనలకు ఐదు ఉపాయాలు చెప్పారు. పళ్లు బిగబట్టి మనసును మనసుతోనే అణచడం వాటిలో చిట్టచివరిది. మొదటిది వడ్రంగి పని: సన్న చీల కొట్టి మొద్దు చీలను బయటికి నెట్టడం. ద్వేషం ఉన్నచోట మైత్రి అనే చీల అన్నమాట.

మొన్న ఒకరికి ఘాటుగా జవాబు టైపు చేసి, పంపే మీట మీద వేలు పెట్టాక "కోపం వచ్చింది" అని పైకే అనుకున్నాను. వేలు తీశాను. పావుగంటాగి చదివితే మొదటి రెండు వాక్యాలే నిజంగా చెప్పాల్సినవి. అవి ఉంచి, మిగతావి చెరిపి పంపాను.