ఎఫ్‌ఎల్‌టీకే టూల్‌కిట్‌ని హైకూ ఓఎస్‌కి తెస్తున్నాను: రెండో విండో తెరిస్తే బిగుసుకుపోతోంది

పర్లాకిమిడి_డీటీపీ:
నమస్కారం. పర్లాకిమిడిలో మాది డీటీపీ, జిరాక్స్ షాపు. పెళ్లికార్డు ఒక పక్క ఒడియాలో, ఒక పక్క తెలుగులో అడిగేవాళ్లే ఎక్కువ. నది దాటి పాతపట్నం నుంచీ వస్తారు. ఆర్డర్లు రాసుకుని, రెండు లిపుల్లో రసీదు ఇవ్వడానికి విండోలు, బటన్లు గీసిపెట్టే ఎఫ్‌ఎల్‌టీకే 1.4తో చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. లినక్స్‌లో బాగానే నడుస్తోంది.

షాపులో 2 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్లు రెండున్నాయి. హైకూ అనే తేలికైన ఆపరేటింగ్ సిస్టమ్, బీటా 5 వేసి చూస్తే వాటికి ప్రాణం లేచొచ్చింది. అందుకే టూల్‌కిట్‌నే అక్కడికి తెద్దామని కూర్చున్నాను. 1.4లో గ్రాఫిక్స్, విండో, స్క్రీన్, సిస్టమ్ డ్రైవర్లు (ఓఎస్‌తో మాట్లాడే భాగాలు) విడివిడిగా ఉన్నాయి కాబట్టి హైకూ పేరుతో కొత్త ఫోల్డర్ పెట్టి ఒక్కొక్కటీ నింపుతున్నాను. మొదటి విండో వచ్చి, బటన్ పలికిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కానీ రసీదు ప్రివ్యూ కోసం రెండో విండో తెరిస్తే పదిసార్లకి ఆరేడుసార్లు అంతా ఆగిపోతోంది. మౌస్ నొక్కగానే హైకూ పిలిచే బీవ్యూ మౌస్‌డౌన్‌లో ఎఫ్‌ఎల్‌టీకే తాళం (ఎఫ్‌ఎల్::లాక్) తీసుకుని, ఈవెంట్‌ని అందించే ఎఫ్‌ఎల్::హ్యాండిల్‌ని నేరుగా పిలుస్తున్నాను. తప్పు అక్కడేనా? ఇంకోటి, హైకూలో అక్షరాలు రాసే డ్రాస్ట్రింగ్‌తో "లక్ష్మి" రాస్తే ఒత్తు విడిపోతోంది. పెళ్లికూతురి పేరు అలా పడితే నేను ఊరుకోలేను.

బరంపురం_సీప్లస్:
అక్కడేనండి. హైకూకి మాతృక అయిన బీఓఎస్ నాటి నుంచీ ప్రతి విండోకీ (బీవిండో) సొంత థ్రెడ్, అంటే విడిగా నడిచే పని వరుస, ఉంటుంది. ఎఫ్‌ఎల్‌టీకే మాత్రం పనంతా ఒకే థ్రెడ్‌లో జరుగుతుందన్న నమ్మకంతో రాసింది. మీ మౌస్‌డౌన్ నడిచేటప్పటికే ఆ విండో తాళం దాని చేతిలో ఉంటుంది. అది ఎఫ్‌ఎల్ తాళం కోసం ఆగుతుంది. సరిగ్గా అప్పుడే మెయిన్ థ్రెడ్ ఎఫ్‌ఎల్ తాళం పట్టుకుని విండో తాళం అడిగిందంటే, ఇద్దరూ అక్కడే నిలబడిపోతారు. సమయం కలిసినప్పుడే జరుగుతుంది కాబట్టి మీకు ఒకసారి ఆగి, ఒకసారి ఆగట్లేదు.

విండో థ్రెడ్‌లో అసలు పని పెట్టకండి. జరిగింది క్యూలో వేసి, మెయిన్‌ని తట్టి లేపితే చాలు. మెయిన్ వెయిట్_ఫర్_ఆబ్జెక్ట్స్ దగ్గర కాచుకుంటుంది. అది పోర్టునీ (థ్రెడ్లు కబుర్లు పంపుకునే పెట్టె) ఫైల్ డిస్క్రిప్టర్లనీ (తెరిచిన ఫైళ్లు, సాకెట్ల నంబర్లు) కలిపి చూస్తుంది, వాటి మీద కన్నేసే ఎఫ్‌ఎల్‌టీకే యాడ్_ఎఫ్‌డీ కూడా చెడదు. ఒక్క జాగ్రత్త: ఈవెంట్లన్నీ పోర్టులోకే తోస్తే మౌస్ కదలికలతో అది నిండుతుంది, అందులోకి రాసే రైట్_పోర్ట్ ఆగిపోతుంది, మళ్లీ అదే ముడి. నేను రెండు వారాలు ఇక్కడే పోగొట్టుకున్నాను. పోర్టుని లేపడానికే వాడండి, టైమౌట్ సున్నా పెట్టి. విండో మూయమన్నప్పుడు వచ్చే క్విట్‌రిక్వెస్టెడ్ ఫాల్స్ ఇవ్వాలి, మూయాలో వద్దో మెయిన్ చూసుకుంటుంది.

సిరోంచ_కుర్రాడు:
అన్నా, ఒత్తుల సంగతి నేను చెప్తా. మా ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అందుకే నాకూ ఇదే బాధ. డ్రాస్ట్రింగ్ అక్షరాల్ని కలపదు, ఒకదాని పక్కన ఒకటి పేరుస్తుంది, అంతే. 1.4 డ్రైవర్స్‌లో కైరో (బొమ్మలు గీసే లైబ్రరీ) ఫోల్డర్ చూడు, లినక్స్ తెర వ్యవస్థ వేలాండ్ కోసం రాసిన గ్రాఫిక్స్ డ్రైవర్ అక్కడుంది. నీది దాని నుంచే తియ్యి. పాంగో లైబ్రరీ వరుసని లిపుల వారీగా విడగొడుతుంది, హార్ఫ్‌బజ్ లైబ్రరీ ఒత్తులు కూరుస్తుంది. ఒడియా, తెలుగు ఒకే వరుసలో ఉన్నా ఇబ్బంది లేదు. పిక్సెల్ రంగులు దాచే పద్ధతులు, కైరో ఏఆర్‌జీబీ32, హైకూ బీ_ఆర్‌జీబీఏ32, మన మెషీన్లలో ఒకే బైట్ల వరుస. హైకూ బొమ్మ బీబిట్‌మ్యాప్ బిట్స్‌నే కైరోకి ఇచ్చెయ్, స్ట్రైడ్ (ఒక్కో వరుసకి పట్టే బైట్లు) మాత్రం బైట్స్‌పర్‌రో నుంచి తీసుకో. విండో డ్రాలో డ్రాబిట్‌మ్యాప్ ఒక్కటే ఉండాలి.

మెషీన్లు 32 బిట్ అయితే కంపైల్‌కి ముందు, కొత్త కంపైలర్ కోసం, టెర్మినల్‌లో సెట్‌ఆర్క్ ఎక్స్86 కొట్టు. లేకపోతే పాత కంపైలర్ జీసీసీ 2.95 పట్టుకుంటుంది.

పర్లాకిమిడి_డీటీపీ:
ఇద్దరికీ దండాలు. క్యూ పెట్టాక నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా షాపులో వాడాను, ఒక్కసారీ ఆగలేదు. "లక్ష్మి" నిండుగా వచ్చింది, పక్కనే ఒడియా కూడా. కొలతలు మాత్రం ప్రతి చోటా ఒక పిక్సెల్ ఎక్కువొచ్చాయి. హైకూలో కొలతలిచ్చే బీరెక్ట్‌లో కుడి అంచు కూడా లెక్కలోకే వస్తుందట. 640 వెడల్పుకి 0 నుంచి 639 ఇవ్వాలి. సరిచేశాను. ఇప్పుడు కాపీ, పేస్ట్ పని మొదలెడుతున్నా.